సువార్తల గ్రీకుభాషలోని సంయోజకావ్యయములు: తెలుఁగు పాఠమును, కొండభాషలును

అనువాదముల గుణదోషములను విచారించువారు సాధారణముగా నామపదములను, క్రియలను బరీక్షించి యంతటితోఁ దృప్తి నొందుదురు. దైవమునకు నేపదము వాడవలయును, ఆత్మకు నేపదము, కృపకు నేపదము అని తరతరములుగాఁ జర్చ సాగినది. ‘మఱియు’, ‘అయితే’, ‘గనుక’, ‘ఏలయనఁగా’ అను పదములు మాత్ర మా చర్చలోనికి రాలేదు. ఇవి వాక్యమును వాక్యముతోఁ గుట్టు దారములు. దారము కంటఁ బడకుండుటయే కుట్టుపనికి శోభ యని పండితుల తలంపు కాఁబోలు. క్రైస్తవుల క్రొత్తనిబంధన విషయమున నీ తలంపు చెల్లదు. పాపక్షమకుఁ గారణమేది, ఉపమానములకుఁ బ్రయోజనమేది యను పెద్ద ప్రశ్నలు రెండేసి యక్షరముల గ్రీకు టవ్యయములపై నాధారపడి యున్నవి.

ఈ విషయమును దూర్పుకనుమల దిక్కు నుండి చూచుటకుఁ దగిన కారణము కలదు. తెలుఁగు సువార్తలలో మొదట నచ్చుపడినవి యీ కొండల పాదముననే సిద్ధమైనవి. 1805వ సంవత్సరమున లండన్ మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అనువారు విశాఖపట్టణము చేరిరి. క్రైస్తవమతము పుచ్చుకొనిన ఆనందరాయఁడను బ్రాహ్మణుఁడు వారి యనువాదమునకుఁ దోడుపడెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను గతించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చుపడినవి. విశాఖపట్టణముననే పనిచేసిన ప్రిచ్చెట్టు దొర పూర్తి చేసిన క్రొత్తనిబంధన 1818లో మదరాసున వెలువడెను. తరువాత జాన్ హే మొదలగువారు పాఠమును సంస్కరించిరి.

ఆ పట్టణము విడిచి అనంతగిరి కనుమ నెక్కి అరకులోయఁ జేరినచో భాషల స్వరూపమే మాఱును. 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాకుఁ జెందిన యా సీమలోని సంతలలోఁ గొండదొరల కూబి, ఖోందుల కువి, గదబల మాటలు, వీరికందఱకు నుమ్మడియైన ఆదివాసీ ఒడియా, తెలుఁగు కలగలుపుగా వినఁబడును. కూబి, కువి ద్రావిడములు, ఒడియా ఆర్యభాష, ఉత్తరపుఁ గొండలలోని సవర ముండాకుటుంబమునది. గదబ యను నొక్క పేరు క్రిందనే రెండు భాషలు గలవు, ఒకటి ద్రావిడము, వేఱొకటి ముండా. ఈ భాషలలోనికి సువార్తను దెచ్చువారికిఁ జేరువలో నుండునవి తెలుఁగు, ఒడియా పాఠములే. కాఁబట్టి తెలుఁగున నొక యవ్యయము త్రోవ తప్పినచో నా తప్పు కనుమ నెక్కి కొండభాషలకును బోవును.

సంస్కృతవ్యాకరణ మెఱిఁగినవారికి గ్రీకు టవ్యయముల తీరు క్రొత్తగాఁ దోఁపదు. ‘దె’, ‘గార్’, ‘ఊన్’, ‘తె’ అనునవి వాక్యాదిని నిలువవు. మన ‘తు’, ‘హి’, ‘చ’ల వలెనే మొదటి పదమునకుఁ దరువాతనే వచ్చును. వీనిలో ‘తె’ సంస్కృత ‘చ’కారమునకు స్వయముగా సోదరి, రెండును నొక్క మూలమునుండి పుట్టిన వని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. డయొనీసియస్ థ్రాక్సు పేరఁ బరఁగు గ్రీకు వ్యాకరణము సంయోజకమును భాషాభాగములలో నెనిమిదవదానిఁగాఁ జెప్పి దానిని సముచ్చయము, వికల్పము, హేతువు మొదలగు తెగలుగా విభజించి, కడపట నర్థము లేక పూరణమునకై మాత్రము వచ్చునవి యని యొక తెగను బెట్టినది. యాస్కుఁడు నిరుక్తమున నిపాతములను విభజించుచుఁ బదపూరణములను వేఱుగాఁ జెప్పుట యిట స్మరింపఁదగును. ఒకరినొక రెఱుఁగని రెండు దేశముల శాస్త్రకారులు నర్థము తేల్పరాని చిన్నపదముల నొకే మూలకుఁ ద్రోసిరి. కాని సువార్తలలోని ‘కై’ని, ‘హోతి’ని ఆ మూలకుఁ ద్రోయుటకు వీలులేదు.

ముందుగా ‘కై’. మన చతుర్థీవిభక్తి ‘కై’తో దీనికి సంబంధ మేమియు లేదు, దీని ప్రధానార్థము సముచ్చయము. క్రొత్తనిబంధనలో నిది సుమారు 9,000 సారులు కనఁబడును. మార్కు సువార్తలోని 16 అధ్యాయములలో 13 ‘కై’తోనే ప్రారంభమగును. ఇంత విరివికిఁ గారణము వెదకినవారు తొలుత హెబ్రూభాషను జూపిరి. క్రీస్తుపూర్వము మూఁడవ శతాబ్దినుండి అలెగ్జాండ్రియాలోని యూదులు తమ వేదమును గ్రీకులోనికిఁ దెచ్చునపుడు హెబ్రూ ‘వ’ కనఁబడినచోట నెల్ల ‘కై’ నుంచిరి. ఆ వాడుక సువార్తికుల చెవులలో నిలిచినది. ఇది నిజమే కాని సగము నిజము. ఈజిప్టు నిసుకలో దొరకిన పేపరసు జాబులను బరిశీలించి యడాల్ఫు డైస్మను మఱియొక సంగతి వెల్లడించెను. హెబ్రూ వాసనయే లేని సామాన్యజనులు సైతము తమ యుత్తరములలో ‘కై’తో వాక్యములను గొలుసుగాఁ గూర్చిరి. అనఁగా మార్కు వ్రాసినది చదువరుల గ్రీకు కాదు, వాడుక గ్రీకు. గ్రాంథిక వ్యావహారిక వివాదము నెఱిఁగిన తెలుఁగు పండితులకు నీ ముక్క విప్పి చెప్పనక్కఱలేదు.

తెలుఁగు అనువాదకు లీ ‘కై’ని వాక్యాదిని ‘మఱియు’ అని దించిరి. ‘మఱియు’ తెలుఁగుమాటయే, దానిఁ దప్పుపట్టుటకు వీలులేదు. తప్పు చోటునందుఁ గలదు. తెలుఁగున సముచ్చయము పదాంతమునఁ జేరును. ‘అన్నయుఁ దమ్ముఁడును’ అను నపుడు ‘ను’వర్ణము ‘తె’, ‘చ’ల వలె వెనుకనే వచ్చును. వాక్యములఁ గలుపవలసినచో క్త్వార్థకము, లేదా ‘ఁగా’ చేరిన రూపము చాలును. కథలో వాక్య మొక్కొక్కటిని ‘మఱియు’ అని యెత్తుకొన్నవాఁడు లెక్కలు చదువు కరణమువలె వినఁబడును గాని కథకునివలె వినఁబడఁడు. హెబ్రూ ‘వ’ గ్రీకున ‘కై’ యై, ‘కై’ తెలుఁగున ‘మఱియు’ యై, మూఁడుతరముల యెరవు సొమ్ముగా మనకు సంక్రమించినది.

అట్లని ‘కై’లనెల్ల క్త్వార్థకములుగా మార్పవలయునా? ఇట నొక యుదాహరణము చూడఁదగును. మార్కు 1వ యధ్యాయము 31వ వాక్యమున సీమోను అత్త స్వస్థత ప్రసక్తము. యేసు దగ్గఱకు వచ్చుట, చేయి పట్టుకొనుట యను రెండు పనులును గ్రీకున క్త్వార్థకప్రాయములైన రూపములలో నున్నవి, లేవనెత్తుట ప్రధానక్రియ. పిమ్మట ‘కై’, జ్వరము విడుచుట. మరల ‘కై’, ఆమె పరిచర్య చేయుట. మూఁడు ప్రధానక్రియలకుఁ గర్తలు మువ్వురు: ఆయన, జ్వరము, ఆమె. క్త్వార్థకమునకు సమానకర్తృకత్వము కావలయు నని పాణిని నియమము. తెలుఁగునకును దఱచుగా నదియే తీరు. అందుచేతఁ దెలుఁగువాఁడు ‘లేవనెత్తఁగా జ్వరము విడిచెను’ అనును. వాక్యము చక్కఁగా సాగినది. కాని ‘ఁగా’తోఁ గార్యకారణభావము తొంగిచూచినది. గ్రీకున నది లేదు. ఆయన యెత్తెను, జ్వరము విడిచెను; రెంటి నడుమ నేమి జరిగెనో ‘కై’ చెప్పదు. మన్యపుజ్వరమునకుఁ బేరుపడిన కొండలలో నీ వాక్యమును వినువానికి నా మౌనమే మహిమగాఁ దోఁపవచ్చును.

ఈ చిక్కునకుఁ బరిష్కారము కథలు చెప్పువారి నోటనే కలదు. జనపదములలోఁ గథకులు వెనుకటి వాక్యపుఁ గడపటి క్రియను మరల నెత్తి ముందువాక్యమును మొదలుపెట్టుదురు: ‘సంతకుఁ బోయినాఁడు. పోయి పసుపు నమ్మినాఁడు. అమ్మి యుప్పు కొన్నాఁడు.’ వాక్యములు స్వతంత్రములుగ నుండియుఁ గొలుసు తెగదు. కర్త మాఱినచోట నా యెత్తుగడను మాని విడివాక్యముగ నుంచుదురు. మార్కు ‘కై’కి నింతకంటె దగ్గఱి తెలుఁగు లేదు. క్త్వార్థకముతోఁ గథ నడపుట యొక్క ద్రావిడభాషలకే కాదు, ఒడియాకును సహజము. మాసికా 1976లోఁ బ్రకటించిన గ్రంథమున నీ లక్షణమును భారతదేశపు భాషల యుమ్మడిసొత్తుగా జూపెను. కాఁబట్టి సంతకు వచ్చు నలుగురు నాలుగు భాషలవా రైనను గథ యల్లు పద్ధతిలోఁ జుట్టములే.

కొండభాషలలోఁ బనిచేయువారు మఱవరాని దొకటి. ‘మఱియు’కు మీ మాట యేమి యని యడిగినచో జవాబు దొరకకపోదు, కాని యది తఱచుగాఁ బొరుగుభాష నుండి తెచ్చుకొన్న మాట యగును. సంయోజకావ్యయములవలె సులభముగా నెరవు వచ్చు పదములు తక్కువ. పదమునకుఁ బద మడుగు పద్ధతి యందువలననే మోసపుచ్చును. సాలూరున నుండిన షూల్జె దొర 1911లోఁ గువి వ్యాకరణమును, గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లో సవరభాషను గుఱించిన గ్రంథమును, భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లోఁ గొండ లేక కూబి భాషను గుఱించిన గ్రంథమును బ్రకటించిరి. చివరిదానిలో వ్యాకరణపదకోశములతోపాటు జనుల నోటినుండి వ్రాసికొన్న పాఠములుండుట విశేషము. రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి సవరల నింటఁ బెట్టుకొని వారి వాక్యములు విని భాష నేర్చిరి. తెలుఁగు వ్రాఁత విషయమున వారితో నేకీభవింపని పండితులు సైతము ఈ కృషిని మెచ్చకుండ లేరు. వాక్యములను వినక యవ్యయముల నర్థము నిర్ణయించుట వ్యర్థమని వారి గ్రంథములే చెప్పుచున్నవి.

‘కై’కి విరోధార్థమును గలదు. యోహాను 1వ యధ్యాయము 10వ వాక్యమున లోక మాయన వలనఁ గలుగుట, లోక మాయన నెఱుఁగకుండుట యను రెండు సంగతులు ‘కై’తోనే కూర్పఁబడినవి. ఇట సముచ్చయము పొసఁగదు. ‘ఐనను’ అనియే యర్థము. సంస్కృతవ్యాఖ్యాతలు ‘చకారము త్వర్థమున వచ్చినది’ అని సూచించు చోట్ల నెఱిఁగినవారికి నిందు వింత లేదు. గ్రీకు ‘అల్లా’ స్పష్టమైన విరోధమును జెప్పును, ‘దె’ పక్కకుఁ దిరుగుటను మాత్రము చెప్పును. ఈ రెండును దెలుఁగున ‘అయితే’ యను నొక్క గాటఁ గట్టఁబడినపుడు భేదము మాయమగును. ‘దె’కుఁ బెక్కుచోట్ల కర్తకుఁ జేర్చిన ‘మాత్రము’, ‘ఐతేనో’ వంటి యూఁతమాటలే చాలును.

మతవాదమునకు నాకరమైనది ‘హోతి’. ఇది సంబంధసర్వనామము నుండి పుట్టినది. సంస్కృతమున ‘యత్’ పదమువలె నిది ‘అని’ యనియు, ‘ఏలయనఁగా’ యనియు రెండర్థముల నిచ్చును. లూకా 7వ యధ్యాయమున సీమోనను పరిసయ్యుని యింటికిఁ బాపాత్మురా లని పేరుపడిన స్త్రీ వచ్చి కన్నీటితో యేసు పాదములఁ దడిపినది. యేసు సీమోనున కొక యుపమానము చెప్పెను. ఒక యప్పులవానికి 500 దేనారములు, మఱియొకనికి 50. ఇచ్చుకొనలేని యిరువురకు నప్పు మన్నింపఁబడెను. ఎవఁ డెక్కువ ప్రేమించును? ఎక్కువ మన్నింపఁబడినవాఁ డని సీమోను జవాబు. ఆ పిమ్మట 47వ వాక్యమున, ఆమె పాపములు క్షమింపఁబడి యున్న వని చెప్పి, ‘హోతి’ యని, ఆమె మిక్కిలి ప్రేమించె నని చెప్పఁబడినది.

ఇట ‘హోతి’కి నర్థ మెట్టిది? ప్రేమించుట చేత క్షమ కలిగెనా? క్షమ కలుగుటకు గుర్తుగాఁ బ్రేమ కనఁబడెనా? మొదటి యర్థమున మనుష్యుని ప్రేమ క్షమకు మూల మగును. రెండవ యర్థమున క్షమ ముందు, ప్రేమ దాని ఫలము. రోమను కథోలికులకును, ప్రొటెస్టెంటులకును నీ వాక్యముపై జరిగిన వాదము మన తర్కశాస్త్రము చదివినవారికి నొక్క మాటతో బోధపడును. అది కారకహేతువునకు, జ్ఞాపకహేతువునకుఁ గల భేదము. కొండలలో ‘వాన కురిసినది గనుక గెడ్డ పొంగినది’ యన్నచో వాన కారకహేతువు. ‘పైన వాన కురిసి యుండును, గెడ్డ పొంగినది గనుక’ యన్నచోఁ బొంగు జ్ఞాపకహేతువు. గెడ్డ పొంగుట వలన వాన కురియలేదు. న్యాయభాష్యమున శేషవదనుమానమునకు నదీపూరమే యుదాహరణముగాఁ జెప్పఁబడినది. ఒక్క ‘గనుక’ రెంటికిని జెల్లుట తెలుఁగు వాడుక. ఒక్క ‘హోతి’ రెంటికిని జెల్లుట గ్రీకు వాడుక. ఇంతవఱకు రెండు భాషలు సమానములే.

భేద మంతయుఁ బదక్రమమున వచ్చినది. గ్రీకున హేతువాక్యము వెనుక నున్నది. తెలుఁగున హేతువు ముందు వచ్చుట సహజము గావున, ప్రచారమున నున్న తెలుఁగుపాఠమునఁ బ్రేమవాక్యము ‘గనుక’తో ముందునకు వచ్చి, క్షమ వెనుకఁ బడినది. ముందు వచ్చిన ‘గనుక’ను దెలుఁగు చెవి కారకముగానే పట్టును. గెడ్డ యుదాహరణమునఁ గూడ జ్ఞాపకహేతువు వెనుక నుండుట చదువరులు గుర్తించియే యుందురు. దానిని ముందునకుఁ దెచ్చినచో ‘కురిసి యుండును’ అను సంభావనారూపము లేక వాక్యము నిలువదు. కావున ననువాదకులు తెలియకయే వాదమున నొక పక్షముఁ జేరిరి. అదియుఁ బ్రొటెస్టెంటు సంఘముల వారి చేతిమీఁదుగాఁ గథోలికుల పక్షము! ఉపమానమున నప్పు మన్నింపఁబడిన పిమ్మటనే ప్రేమ పుట్టినది గదా. ఆ వాక్యపు రెండవ సగమునఁ గూడఁ గొంచెము క్షమింపఁబడినవాఁడు కొంచెము ప్రేమించు నని యదే క్రమము చెప్పఁబడినది. పైఁగా గ్రీకున క్షమించుట నిష్పన్నమైన కార్యమును దెలుపు రూపమున నున్నది. కాఁబట్టి జ్ఞాపకార్థమే గ్రాహ్యము. ‘ఆమె పాపము లెన్నియో క్షమింపఁబడి యున్నవి, ఆమె ప్రేమాధిక్యమే యందులకు గుఱుతు’ అన్నచో నర్థము నిలుచును, తెలుఁగును నిలుచును. అవ్యయము పోయినదే యని యెవరైనఁ జింతించినచో వారు దారమును గాపాడి బట్టను బోఁగొట్టుకొనువారు. తెలుఁగు ‘గనుక’ను జూచి కువిలోనికో, కూబిలోనికో దించువాఁడు గ్రీకును జూడనిచో నీ సందేహమే వానికిఁ గలుగదు. అతఁడు కారకార్థమునకుఁ దన భాషలో నిర్దుష్టమైన రూప మేరి పెట్టును. అంతట సందిగ్ధము సైతము నశించి తప్పు స్థిరపడును.

‘హోతి’ ‘అని’ యను నర్థమున వచ్చు చోట్లఁ దెలుఁగువాని భాగ్యము వేఱు. గ్రీకున నొకని మాటలను యథాతథముగ నుదాహరించుటకు ముందు ‘హోతి’ పెట్టుదురు. మనము వెనుక ‘అని’ పెట్టుదుము. సంస్కృత ‘ఇతి’యు నంతియే. యోహాను మొదటి పత్రిక 2వ యధ్యాయమున 12 మొదలు 14 వఱకు గల వాక్యములలో ‘హోతి’ యాఱుసారులు వచ్చును. పిల్లలకు, తండ్రులకు, యువకులకు వ్రాయుచున్నది ‘ఇట్లని’యా, ‘ఇందువలన’నా యని గ్రీకున సందేహింపవచ్చును. తెలుఁగున ‘అని’యో ‘గనుక’యో యేదో యొకటి తేల్చుకొనక తప్పదు.

‘హినా’ విషయమున మాత్రము తెలుఁగే గ్రీకునకు నీడైనది. మార్కు 4వ యధ్యాయము 12వ వాక్యమున వెలుపలివారు చూచియుఁ గానకుండుటకై యుపమానములు చెప్పఁబడిన వని ‘హినా’ సూచించును. మత్తయి 13వ యధ్యాయము 13వ వాక్యమున నచ్చటనే ‘హోతి’ వాడి వారు చూడరు గనుక చెప్పుచున్నా నని త్రిప్పినాఁడు. జనులను గ్రుడ్డివారిఁ జేయుటయే బోధకుని యుద్దేశమా యను కఠినప్రశ్నకు మత్తయి యిచ్చిన సమాధాన మది. వ్యాఖ్యాతలు మార్కు ‘హినా’ను ఫలార్థముగాఁ గొని కఠినత్వమును దగ్గింపఁజూతురు. తెలుఁగు ‘ఉండునట్లు’ ఉద్దేశమును, ఫలమును, రీతిని మూఁటిని జెప్పఁగలదు. ‘పంట తడియునట్లు గట్టు తీసెను’ ఉద్దేశము. ‘ఎవరును గుర్తింపనట్లు చిక్కిపోయెను’ ఫలము. ‘ఉండుటకై’ అని యొక్క యర్థమును బిగించుటకంటె ‘ఉండునట్లు’ అని విడుచుట మూలమునకు విధేయత.

ఇఁక ‘గార్’. క్రొత్తనిబంధనలో వెయ్యికిఁ బైఁగా వచ్చు నీ పదమునకుఁ దెలుఁగుపాఠమున నిలుకడైన ప్రతిరూపము ‘ఏలయనఁగా’. ఇది దొరల సృష్టి కాదు. సంస్కృతవ్యాఖ్యానములకుఁ దెలుఁగు టీకలు వ్రాసిన మన పండితుల వాడుక. వారు ప్రశ్నించి ప్రత్యుత్తర మిచ్చు పద్ధతి నలవఱచుకొనినవారు గావున నది వారికి సహజము. కథలో నది టీకాకారుని గొంతు. ‘గార్’నకు సంస్కృతమున ‘హి’, తెలుఁగున వాక్యాంతమందలి ‘కదా’ సరియగునవి. మార్కు సువార్త సినాయి, వాటికను ప్రాచీనప్రతులలో 16వ యధ్యాయము 8వ వాక్యముతో ముగియును. సమాధి నుండి పాఱిపోయిన స్త్రీ లెవ్వరితోను నేమియుఁ జెప్పలే దనుటకుఁ గారణముగా రెండు పదముల వాక్య మొకటి యున్నది. అందు కడపటిది ‘గార్’. గ్రంథ మొక యవ్యయముతో ముగియునా యని శంకించి, చివరి యాకు పోయిన దని కొందఱు విద్వాంసులు వాదించిరి. ‘భీతా హి’ యను రెండుపదముల సంస్కృతవాక్యము నెఱిఁగినవారి కా శంక కలుగనేరదు. ‘ఏలయనఁగా’ అని మొదలుపెట్టిన తెలుఁగువాక్యమునకు వెనుక నింకను నేదో రావలసి యున్నట్లు తోఁచును. ‘భయపడిరి గదా’ యన్నచో మూలమునందు వలెనే చిన్నపదము చివర నిలిచి కథ యచ్చటనే యాఁగును.